ఇచ్చిన చేతికి దక్కు ఆనందము

శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. శ్రీకాళహస్తి అను పేరునకు పెద్దలు చెప్పు అర్థమిది. ఒక మహాక్షేత్రము ఏ చక్రవర్తి పేరనో, ఏ మహర్షి పేరనో గాక మూడు నోరులేని ప్రాణుల పేర వెలయుట ఎంత చిత్రము! స్వర్ణముఖీ తీరమున వాయులింగమును సేవింపవచ్చు భక్తులు ఈ కథను బాల్యముననే వినియుందురు. అయినను అందులో మనము సాధారణముగా గమనింపని విషయమొకటి కలదు. ఆ మూడు ప్రాణులును దాతలే. తమకున్న దానిలో శ్రేష్ఠమైనదానిని స్వామికి సమర్పించినవే. ఆ మూడింటికిని తమ సమర్పణము మూలముననే దుఃఖము కలిగినది.

సాలెపురుగు తన కడుపులోని దారమును తీసి స్వామికి మండపము లల్లినది. దీపజ్వాల సోకి అవి కాలిపోగా కోపము పట్టజాలక ఆ దీపమునే మ్రింగబోయినది. పాము మణులను తెచ్చి లింగమును అలంకరించెడిది. ఏనుగు వచ్చి ఆ మణులను త్రోసివైచి, తొండముతో జలమును తెచ్చి అభిషేకించి, బిల్వపత్రములతో అర్చించి పోయెడిది. మరల పాము వచ్చి, తన మణులున్న చోట ఆకులను చూచి కుమిలిపోయెడిది. ఒకదాని పూజ మరియొకదాని కంటికి అపచారముగా తోచినది. తుదకు పాము ఆకుల మాటున పొంచియుండి ఏనుగు తొండములో దూరినది. ఆ బాధ కోర్వలేక ఏనుగు తన తలను రాతికి మోదుకొన్నది. రెండును ప్రాణములు విడిచినవి. స్వామి వాటిని కరుణించి తనలో చేర్చుకొన్నాడనుట కథకు ముగింపు. కాని ఆ కరుణ లభించు వరకు అవి పడిన వేదన మాట యేమి?

ఇచ్చుటలో ఆనందమున్నదని మనమందరము చెప్పుదుము. పురాణ ప్రవచనములలో ఎన్నోసార్లు వింటిమి, పిల్లలకు బోధించితిమి. అట్లయిన మణులిచ్చిన పాము ఏల యేడ్చినది? ఇల్లే ఇచ్చిన సాలెపురుగు ఏల మండిపడినది?

ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదివి కలిగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా తండ్రిగారి జ్ఞాపకార్థము ఒక పల్లెలోని చిన్న దేవాలయమునకు ఇత్తడి దీపపు కుంది నొకదానిని సమర్పించితిని. దాని పీఠముపై ఆయన పేరును, దిగువన చిన్న అక్షరములలో నా పేరును చెక్కించితిని. ఆ దినమున ఇంటికి వచ్చి భోజనము చేసి పరుండినపుడు కలిగిన తృప్తి ఇంతింత యనరానిది. మరుసటి ఏట వెళ్లి చూచితిని. గర్భాలయ ద్వారముకడ నా కుంది లేదు. దానికి రెండింతల ఎత్తుగల క్రొత్త కుంది అక్కడ వెలుగుచున్నది. నాది నైవేద్యము వండు వంటసాలలో ఒక మూల జిడ్డుపట్టి యున్నది. ఆనాడు స్వామికి నమస్కరించితినో లేదో నాకు జ్ఞాపకము లేదు. ఆ క్రొత్త కుందిమీది పేరును మాత్రము రెండుసార్లు చదివితిని.

దేవాలయములలో ట్యూబులైటుమీద దాత పేరు వ్రాయించుట మనకు అలవాటు. అక్షరములు ఎంత పెద్దవైన వెలుతురు అంత తగ్గునని పెద్దలు పరిహాసమాడుదురు. వారితోపాటు నేనును నవ్వితిని. కుంది విషయములో మాత్రము నవ్వు రాలేదు.

వస్తువునకు ముడివేసిన సంతోషము వస్తువుతో పాటే పోవలసినది గదా. ఇత్తడి కుంది మాట అటుంచుడు. విజయనగర ప్రభువు శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఈ క్షేత్రమున నూరుకాళ్ల మండపమును, మహోన్నతమైన రాజగోపురమును కట్టించినాడు. అంతటి గోపురమును దాదాపు ఐదువందల ఏండ్లు నిలిచి, 2010 మే 26వ తేదీన నేలకూలినది. నేడు మనము చూచునది ఆ స్థానమున నిర్మింపబడి 2017లో కుంభాభిషేకము జరుపుకొన్న నూతన గోపురము. రాయలవారి ఆనందమెల్ల ఆ రాళ్లలోనే యుండినచో దానికిని అదే గతి పట్టియుండును.

ఇపుడు ఆలయమునకు చేరువనున్న కన్నప్ప కొండ నెక్కుదము. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని కథను తెలుగువారికి ప్రియముగా చెప్పినాడు. అంతకు ముందే పండ్రెండవ శతాబ్దమున శేక్కిళారు తమిళమున పెరియ పురాణమందు ఈ బోయవానిని అరువది ముగ్గురు నాయనార్లలో ఒకనిగా కీర్తించినాడు. వేటకు వచ్చిన తిన్నడు అడవిలో ఒంటరిగా నున్న స్వామిని చూచి, "అయ్యో, ఈయనకు తోడెవ్వరు? తిండి పెట్టువారెవ్వరు?" అని కలతపడినాడు. మాంసమును కాల్చి, రుచి చూచి, మంచి ముక్కలనే ఆకుదొప్పలో నుంచినాడు. చేతులు ఖాళీ లేక నీటిని నోటనే పట్టి తెచ్చినాడు, పూలను తలలోనే తురుముకొని తెచ్చినాడు. రాత్రియెల్ల విల్లు పట్టుకొని కావలి నిలిచినాడు.

ఉదయమున వచ్చు అర్చకుడు ఆ యెముకలను, మాంసమును చూచి విలపించి, అంతయు ఊడ్చి, శుద్ధిచేసి, యథావిధిగా పూజించి పోయెడివాడు. తిన్నడు మరల వచ్చుసరికి తాను పెట్టినది లేదు. గమనింపుడు, ఇది పాము ఏనుగుల కథయే! ఒకరు పెట్టినదానిని మరియొకరు తీసివేయుచున్నారు. అర్చకునకు పామునకు కలిగిన వేదనయే కలిగినది. కాని తిన్నడు తన దొప్ప ఏమైనదని విచారింపలేదు. స్వామికి మరల ఆకలి వేసియుండునని తలచి వేటకు పోయినాడు. ఆరు దినములు ఇట్లే జరిగినదని పెరియ పురాణము చెప్పుచున్నది.

అంతట స్వామి కంటినుండి రక్తము కారినది. తిన్నడు అడవియెల్ల తిరిగి మూలికలు తెచ్చినాడు, పిండినాడు, ఫలింపలేదు. అపుడు తన కంటిని బాణముతో పెకలించి అక్కడ నుంచినాడు. రక్తము నిలిచినది. తరువాతి ఘట్టమును మనము త్వరపడి దాటిపోవుదుము. ఒక కన్ను పోయిన ఆ మనుష్యుడు, ముఖమున రక్తము కారుచుండగా, ఎగిరి గంతులువేసి నృత్యము చేసినాడట! దానమువలన కలుగు ఆనందమునకు ఇంతకంటె స్పష్టమైన చిత్రమును నేనెరుగను. వెంటనే స్వామి రెండవ కంటినుండి రక్తము కారసాగినది. మనమైన "ఇచ్చినదెల్ల వ్యర్థమయ్యెనే" అని నెత్తి కొట్టుకొందుము. తిన్నడు మాత్రము మందు తెలిసినదిగదా, ఇక భయమేల అని ధైర్యము చెప్పుకొన్నాడు. గురుతునకై స్వామి కంటివద్ద కాలి నుంచి రెండవ కంటిని తీయబోయినాడు. స్వామి వారించినాడు.

తిన్నని చూపు ఎక్కడ నున్నది? తన కంటిమీద కాదు, స్వామి గాయముమీద. పాము చూపు మణులమీద నుండెను. నా చూపు పీఠముమీది అక్షరములమీద నుండెను.

ఈ విషయమును నేటి శాస్త్రజ్ఞులును పరీక్షించిరి. కెనడా దేశమున బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయము వారు కొందరికి ఉదయమున ఐదు డాలర్లో, ఇరువది డాలర్లో ఇచ్చి, సాయంకాలములోగా సగము మందిని తమకొరకును, సగము మందిని ఇతరుల కొరకును ఖర్చు చేయుమనిరి. సాయంకాలమున విచారింపగా ఇతరులకు ఖర్చు చేసినవారే ఎక్కువ సంతోషముగా నుండిరి. ఐదా, ఇరువదియా అను భేదము కానరాలేదు. 2008లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. తమకొరకు ఖర్చుచేసికొన్నవారే అధిక సంతోషము పొందుదురని, ఆ పరీక్షలో లేని ఇతరులు ముందుగా ఊహించిరట. మన ఊహలు ఎంతగా దారితప్పునో చూడుడు.

అయితే సంతోషమునకై దానము చేయవచ్చునా? అది వ్యాపారము కాదా? ప్రత్యుపకారము కోరి ఇచ్చినదానిని భగవద్గీత రాజస దానమన్నది. కాని తైత్తిరీయోపనిషత్తులో శిష్యుని సాగనంపు గురువు ఎంత ఉదారుడో! శ్రద్ధతో ఇమ్మన్నాడు, అంతతో ఆగక సిగ్గుతోనైనను, భయముతోనైనను ఇమ్మన్నాడు. ఆకలిగొన్నవానికి అన్నము ముఖ్యము. పెట్టువాని మనస్సు పండువరకు అతని కడుపు ఆగదు. కావున ఫలాపేక్షతో ఇచ్చువానిని నేను నిందింపను. మొదట అట్లే మొదలిడుదుము.

కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళగాని వేళలోనైనను వచ్చినవారికి వండి వడ్డించిన మహాతల్లి. ఒకసారి అంతర్వేది నృసింహస్వామి దర్శనమునకై ఆమె పల్లకిలో బయలుదేరినారట. దారిలో ఎవరో ప్రయాణికులు ఆకలికి తాళలేని పిల్లలతో, "ఇంకెంత, సీతమ్మగారి ఇల్లు వచ్చుచున్నది, అన్నము పెట్టును" అని చెప్పుచుండుట ఆమె చెవిని పడినది. పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లుచేరి పొయ్యి వెలిగించినారు. తనకు దర్శనము తప్పినదని ఆమె దుఃఖించినట్లు ఆ కథ చెప్పువారెవ్వరును చెప్పరు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరుంచినది.

మొన్న కార్తికమున నేను మరల ఆ పల్లెకు పోయితిని. సంధ్యవేళ కరెంటు పోయినది. వంటసాలలో ఒక ముసలి వంటమనిషి నా కుందిని వెలిగించుకొని పొంగలి కలుపుచున్నాడు. ఆ కుంది ఎవరిదో అతనికి తెలియదు. నన్ను చూచి, "సామీ, ఆ దీపం రవ్వంత ఇట్లా జరుపుతారా, ఉప్పు కనబళ్లేదు" అన్నాడు. జరిపితిని. పేరున్న వైపు గోడకు తిరిగినది. చేతికి నూనె అంటినది.