ఎండ ఎవరి సొత్తు?

అనంతపురం మెట్టసీమలో కరువుకూ కరెంటుకూ మూలం ఒక్కటే. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల్లోనే తడి వదిలేసి, ఇక్కడికి వచ్చేసరికి ఉత్త గాలిగా మిగులుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. ఆషాఢంలో వేరుశనగ విత్తడానికి రైతు పదును కోసం ఎదురుచూస్తుంటే మబ్బును తరిమేసే ఆ గాలే, 1990ల నుంచి రామగిరి గుట్టల మీద గాలిమరలను తిప్పుతోంది. మబ్బు నిలవని ఆకాశం సౌరఫలకాలకు అనువైన ఆకాశం. తరతరాలుగా శాపమనుకున్న ఎండా గాలీ ఇప్పుడు ధర పలుకుతున్నాయి. ధర పలికే ప్రతిదానికీ హక్కుదారు ఎవరన్న ప్రశ్న వస్తుంది.

ఎండకు హక్కుదారు లేడని చాలా సంప్రదాయాలు ఒప్పుకుంటాయి. ఆరో శతాబ్దపు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ ధర్మశాస్త్రం గాలినీ పారే నీటినీ సముద్రాన్నీ అందరి ఉమ్మడి సొత్తుగా చెప్పింది. భారతీయ చింతన మరో అడుగు ముందుకు వేసి, సొత్తు మాట పక్కనపెట్టి అప్పు మాట ఎత్తింది. బ్రాహ్మణుడు పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి ఉంటాడని తైత్తిరీయ సంహిత చెబితే, శతపథ బ్రాహ్మణం నాలుగోదిగా సాటి మనుషుల ఋణాన్ని చేర్చింది. దేవతలిచ్చినది అనుభవించి తిరిగి ఏమీ ఇవ్వనివాడు దొంగ అని గీత మూడో అధ్యాయం అంటుంది. ఈ లెక్కన సూర్యుడి వెలుగు ఉచితమే కానీ, ఋణం లేనిది కాదు. ఆ ఋణం ఎవరికి తీర్చాలన్నదే చిక్కు.

ఎండను పట్టాలంటే నేల కావాలి. ఒక మెగావాటుకు సుమారు 5 ఎకరాలు. కదిరి ప్రాంతంలోని నంబులపూలకుంట దగ్గర 1,500 మెగావాట్ల లక్ష్యంతో తలపెట్టిన సౌరపార్కులో ఎన్‌టీపీసీ 2016లో 250 మెగావాట్లు మొదలుపెట్టింది. ఆ చుట్టుపక్కలే గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ చెట్టు కూడా దాదాపు 5 ఎకరాల మేర పరుచుకుంది. అంటే సుమారుగా ఒక మెగావాటుకు పట్టే జాగా. రెండూ పట్టేది ఒకే ఎండను. మర్రి పట్టిన వెలుగు ఆకుగా, కాయగా, ఊడగా అక్కడే నిలుస్తుంది, దాని నీడ పక్షికీ మేకకూ బాటసారికీ అందుతుంది. ఫలకం పట్టిన వెలుగు తీగలెక్కి దూరాలకు పోతుంది, దాని నీడ కంచె లోపలే ఉంటుంది. అలాగని ఫలకాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. బోరు మోటారు తిరగాలన్నా కరెంటే కావాలి, బొగ్గు కాల్చి తెచ్చే కరెంటు పొగనూ బూడిదనూ వేరొక ఊరి నెత్తిన పోస్తుంది.

అసలు ఇబ్బంది బీడు అన్న మాటలో ఉంది. రెవెన్యూ రికార్డులో బీడు అని రాసిన చోట నిజంగా ఎవరూ లేరని అనుకోవడం ఒక తాత్త్విక పొరపాటు. చెన్నేకొత్తపల్లి దగ్గరి కల్పవల్లి అలాంటి బీడే. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కాపాడగా ఆ గుట్టలకు గడ్డి వచ్చింది, ఈతచెట్లు లేచాయి, తోడేళ్లు తిరిగాయి, గొర్రెలకు మేత దొరికింది. 2010 తర్వాత గాలిమరల కోసం ఆ గుట్టల శిఖరాలు చదును చేసి బాటలు తొలిచారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన జాబితాలో పవన విద్యుత్తు లేదు కాబట్టి ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం పడలేదు. గాలి శుభ్రమైనదే. దాన్ని పట్టే పద్ధతి కూడా శుభ్రమైనదని మాత్రం దానంతటదే తేలదు.

కర్ణాటక సరిహద్దు దాటితే, తెలుగు మాట బాగా వినిపించే పావగడలో మరో దారి తొక్కారు. 2,050 మెగావాట్ల ఆ పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలను కొనకుండా, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేళ్లకోసారి 5 శాతం పెంచుతూ రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. నేల రైతు పేరనే ఉంది. నాలుగో ఋణాన్ని తీర్చే తీరుల్లో ఇది మెరుగైనది. కానీ కౌలు అందేది పట్టా ఉన్నవాడికే. ఆ చేలల్లో కూలికి వెళ్లినవాళ్లకూ, కోత అయ్యాక మంద తోలుకున్న కాపరికీ ఏ కాగితం మీదా హక్కు లేదు. వాళ్లు పోగొట్టుకున్నదాన్ని ఈ కౌలు లెక్కలోకి తీసుకోదు.

పితృఋణం సంతానం ద్వారా తీరుతుందని శాస్త్రం. అంటే పాత అప్పు చెల్లేది రాబోయేవాళ్ల చేతుల్లో పెట్టేదాన్ని బట్టే. ఫలకాల ఆయువు సుమారు 25 ఏళ్లు. 2016లో నాటినవి 2041 ప్రాంతంలో దిగాలి. గాజు, అల్యూమినియం, సిలికాన్, కొద్దిగా సీసం వాటిలో ఉంటాయి. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు పనికిరాని ఫలకాలను 2034-35 వరకు తయారీదారులు భద్రపరచాలని మాత్రం చెప్పాయి. నంబులపూలకుంట ఫలకాలు దిగే కాలం ఆ గడువు దాటాకే వస్తుంది.