క్షమించమని ఎవరికి చెప్పాలి?

మా పెద్దమ్మ కొడుకును చంపి పదిహేనేళ్లు దాటింది. రాత్రిపూట తుపాకులతో వచ్చినవాళ్లు తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి తీసుకుపోయారు. తెల్లారాక వాగు దగ్గర శవం దొరికింది. వాళ్లు ఏ పక్షం వాళ్లన్నది ఇక్కడ రాయను. ఏజెన్సీలో తుపాకీ పట్టిన ప్రతి పక్షం చేతిలోనూ మనవాళ్లు చనిపోయారు. రాయవలసిన సంగతి ఒకటే. చీకట్లో ఆ ఇల్లు చూపించినవాడు మా ఊరివాడు, మా కులంవాడు.

ఆ తరవాత పెద్దమ్మ కొండ దిగింది. అనకాపల్లి జిల్లా అంచున ఒక కొండవాలు గూడెంలో, చుట్టాల ఇంటి పక్కన పాక వేసుకుంది. కొన్నేళ్లకు అతనూ దిగివచ్చాడు. ఇద్దరూ ఒకే రేకుల షెడ్డు చర్చికి వెళతారు. ఆడవాళ్ల వైపు గోడ పక్కన ఆమె కూర్చుంటుంది. మగవాళ్ల వైపు గుమ్మం దగ్గర అతను కూర్చుంటాడు.

ఒక ఆదివారం పాస్టరు గారు క్షమాపణ మీద వాక్యం చెప్పారు. ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇంకా ఎన్నాళ్లు ఈ బరువు మోస్తావు? క్షమించెయ్. ప్రభువు నీ మనసును స్వస్థపరుస్తాడు" అన్నారు.

పెద్దమ్మ ఇలా అంది: "నాను క్షమిత్తాను బాబూ. ఏటి క్షమించాలో ఆడ్ని సెప్పమను. ఆడు నానేటీ సేయనేదంటన్నాడు. సేయని పనికి నానేటి క్షమించాలి?"

పాస్టరు గారు ఏమీ అనలేకపోయారు. పక్కనే ఉన్న నేనూ అనలేకపోయాను. ఆ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదల్లేదు.

ఆలోచిస్తే ఆమె మాటలో పెద్ద న్యాయమే ఉంది. "నిన్ను క్షమించాను" అనే మాటలో మూడు మాటలు ఇమిడి ఉంటాయి. తప్పు జరిగింది. అది నాకు జరిగింది. చేసినవాడివి నువ్వు. చేసినవాడు ఒప్పుకోకపోతే క్షమాపణే నింద అవుతుంది. ఆమె నలుగురిలో "నిన్ను క్షమించానురా" అంటే అతను తగువుకు వస్తాడు. మనసులోనే అనుకుంటే ఆమెకు కాస్త నిద్ర పట్టవచ్చు. అదీ మంచిదే. కానీ రెండు ఇళ్ల మధ్య దారి మూసుకునే ఉంటుంది. మనసు తేలికపడటం ఒక సంగతి, సయోధ్య మరో సంగతి. మన చర్చిల్లో ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నాం.

ఏజెన్సీ పెద్దల పంచాయితీ చూసినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. మనకు "తప్పు" అనే మాటకు రెండు అర్థాలు. చేసిన నేరమూ తప్పే, దానికి కట్టే సొమ్మూ తప్పే. బారికి వెళ్లి పిలుచుకొస్తాడు. చేసినవాడు నలుగురి ముందు కూర్చుంటాడు, జరిగింది చెబుతాడు. పెద్దలు తప్పు వేస్తారు. మేకో, ధాన్యమో, డబ్బో కడతాడు. తరవాత అందరూ కలిసి తింటారు. ఆ తిండితో తగువు తీరినట్టు లెక్క. ఎవరూ ఎవరినీ క్షమించమని బతిమాలరు. ఒప్పుకోవడం, కట్టడం, కలిసి తినడం అనే వరసలోనే క్షమాపణ ఉంది. చివరి పంక్తిని ముందు వేస్తే అది భోజనం అవుతుంది గానీ తీర్పు కాదు.

మన పంచాయితీలను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అక్కడ ఆడవాళ్ల మాట వినేది తక్కువ. పైగా తుపాకీ ఉన్నవాడు ఆ రచ్చబండ దగ్గరికి రాడు. ప్రజాకోర్టులు పైకి మన పంచాయితీల్లాగే కనిపించాయి. కానీ అక్కడ వేసిన మరణశిక్ష తరవాత కలిసి తినడానికి మనిషి మిగల్లేదు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే. అదే రోజు కోపంతో జనం పోలీసు స్టేషన్లు తగలబెట్టారు.

ప్రభుత్వం తరఫునా అదే లోటు. 2007 ఆగస్టు 20న పాడేరు ఏజెన్సీలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కొండు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులు 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. మన లెక్కలో చూడండి. తప్పు సొమ్ము ఉంది, తప్పు ఒప్పుకున్నవాడు లేడు. ఆ స్త్రీల దగ్గరికి వెళ్లి "క్షమించండి" అని బోధించే ధైర్యం ఎవరికుంది? ఉండకూడదు కూడా.

మరి చర్చి ఏం చేయాలి? చేస్తున్న మంచి ముందు చెబుతాను. ఇన్ఫార్మర్ అని చంపినవాడి ఇంటికీ, ఎన్‌కౌంటర్లో పోయినవాడి ఇంటికీ చుట్టాలు కూడా రావడానికి భయపడతారు. అలాంటి ఇళ్లకు పాస్టరమ్మ గిన్నెలో గంజి పట్టుకుని వెళ్లడం నేను చూశాను. ఏ పక్షమని అడగలేదు. పెద్దమ్మ మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టింది ఆడవాళ్ల ఉపవాస కూడికల్లోనే. అక్కడ ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

లోపం ఆదివారం వాక్యంలో ఉంది. ఎప్పుడూ దెబ్బ తిన్నవారి వైపు తిరిగే క్షమాపణ బోధిస్తాం. బైబిలు అలా చెప్పలేదు. మత్తయి 5వ అధ్యాయంలో, బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పింది ఎవరికి? తన మీద సహోదరుడికి ఫిర్యాదు ఉందని గుర్తొచ్చినవాడికి. అంటే తప్పు చేసినవాడికి. లూకా 19లో జక్కయ్య ఉన్నాడు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని లేచి నిలబడి చెప్పాడు. మన పెద్దలు వేసే తప్పుకు అది దగ్గరి చుట్టం. పాస్టరు గారి వాక్యం మంచిదే. గోడ పక్కకు చెప్పారు. గుమ్మం వైపు చెప్పవలసింది.

దక్షిణాఫ్రికాలో 1996లో సాక్ష్యాలు వినడం మొదలుపెట్టిన సత్య సయోధ్య కమిషన్‌కు ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షత వహించాడు. రాజకీయ నేరాలకు శిక్ష తప్పాలంటే చేసినదంతా బయటపెట్టాలన్నది అక్కడి నియమం. బాధితులకు పరిహారం ఆలస్యంగా, తక్కువగా అందిందన్న విమర్శ ఉంది. అయినా నిజం ముందు, సయోధ్య తరవాత అన్న వరస వాళ్లు తప్పలేదు.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: ఎవరూ అడక్కుండానే క్షమించినవాళ్లు లేరా? ఉన్నారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవంగా తగలబెట్టారు. హంతకులను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ చెప్పింది. బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించింది. చట్టం తన పని తాను చేసింది, శిక్షలు పడ్డాయి. ఆమె మాట గొప్పది, ఎందుకంటే అది ఆమె సొంతం. ఎవరో వచ్చి చెప్పమన్నది కాదు. ఆ మాటను తెచ్చి మరో తల్లి నెత్తిన బాకీలా పెడితే, కొడుకును పోగొట్టుకున్నదానికి పాపి అన్న పేరు కూడా తగిలించినట్టు.

మన జిల్లాలో రెండు చోట్ల సమాధులున్నాయి. 1922లో దామనపల్లి ఘాట్‌లో అల్లూరి దళం చేతిలో చనిపోయిన ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న చంపబడ్డ సీతారామరాజు సమాధి గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో ఉంది. నూరేళ్ల కిందట ఎదురెదురు పక్షాల్లో పోరాడిన ఈ ముగ్గురికీ పేరున్న రాళ్లున్నాయి. మా అన్నయ్యకు రాయి లేదు. తుపాకుల మధ్య పోయిన మనవాళ్లు చాలామందికి లేదు. ఏ పక్షం అని అడక్కుండా చనిపోయినవారి పేర్లు పైకి చదవడం, ఎలా చనిపోయారో ఊరంతా వినేలా చెప్పనివ్వడం చర్చి చేయగల పని. ఒప్పుకోవడానికి చేసినవాడికి ఒక చోటు కావాలి. ఆ చోటు లేకపోతే అతను కూడా ఆ రాత్రిలోనే ఉండిపోతాడు.

కిందటి సమాధుల పండుగకు పెద్దమ్మ శ్మశానం అంచున ఒక కొండరాయి నిలబెట్టించింది. కింద ఎవరూ లేరు, శరీరం పైన కొండలోనే ఉంది. సున్నంతో నేను పేరు రాశాను. ఆమె కొవ్వొత్తి వెలిగించింది. పాస్టరు గారు ఈసారి ఏమీ బోధించలేదు. ఆ పేరు పైకి చదివి ఊరుకున్నారు. చింతచెట్టు కింద అతను నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. కొవ్వొత్తి ఆరేదాకా ఉన్నాడు.

దారిలో నేను, "చూశావా పెద్దమ్మా?" అన్నాను.

"సూసినాను. నిలబడ్డాడు. నోరిప్పనేదు," అంది. నాలుగడుగులు వేశాక, "సూద్దాం" అంది.