కరకట్ట పక్కన శ్రీకాకుళం

బందరు, గుడివాడ వాళ్లకు కొండ మీది దేవుణ్ణి చూడాలంటే దూరప్రయాణమే. మన డెల్టాలో ఎత్తంటే కృష్ణ కరకట్టే. విజయవాడ నుంచి ఆ కట్ట మీదుగా అవనిగడ్డ వెళ్లే దారిలో, ఘంటసాల మండలంలో శ్రీకాకుళం వస్తుంది. చిన్న ఊరు. చాలా కార్లు ఆగకుండా మోపిదేవికో హంసలదీవికో సాగిపోతాయి. అది చూస్తే నాకు బాధేస్తుంది.

కళింగ దండయాత్రకు బయల్దేరిన శ్రీకృష్ణదేవరాయలు ఒక ఏకాదశినాడు ఇక్కడే ఉపవాసం ఉన్నాడు. ఈ ఊరి గుడిలో కొలువైన ఆంధ్రమహావిష్ణువు తన కలలో కనిపించి, గోదాదేవి పెళ్లికథ తెలుగులో రాయమన్నాడని ‘ఆముక్తమాల్యద’ పీఠికలో రాయలే చెప్పుకున్నాడు. విజయనగర ప్రభువు చేత తెలుగు కావ్యం రాయించింది మన ఏటి ఒడ్డు దేవుడు!

తర్వాతి కాలంలో దివిసీమ కవి కాసుల పురుషోత్తముడు ఇదే స్వామిని ‘ఆంధ్రనాయక శతకం’లో నిందాస్తుతితో నిలదీశాడు. నాకైతే రాయల కలకన్నా ఈ చనువే ఎక్కువ ఇష్టం. దేవుణ్ణి ఇంటిమనిషిలా దెప్పిపొడవాలంటే ఎంత నమ్మకం ఉండాలి!

ఈసారి అటు వెళితే బండి ఆపండి. గుడిలో కాసేపు కూర్చోండి. దగ్గర్లోనే ఘంటసాల, అక్కడ ఇటుకల బౌద్ధస్తూపం ఉంది. పిల్లలకు అదీ చూపించండి.