ఎడారిలో చలివేంద్రం

అమెరికాలో తెలుగువాళ్ల తొలి చిరునామాలు ఎక్కువగా చలి ఊళ్లే. 1965 వలస చట్టం వచ్చాక గుంటూరు, విశాఖపట్నం వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు, వాళ్ల వెనకే ఇంజనీర్లు న్యూయార్క్, న్యూజెర్సీ, డెట్రాయిట్, చికాగో, పిట్స్‌బర్గ్ దారి పట్టారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా తొలి మహాసభ 1977లో న్యూయార్క్‌లోనే జరిగింది. పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి వెలిసిందీ ఆ రోజుల్లోనే. ఇప్పుడు వాళ్లలో కొందరి మకాం అరిజోనా ఎడారికి మారుతోంది. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో చిప్పుల సంస్థ ఇంటెల్ ఎప్పటినుంచో ఉంది. 2020లో తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీ ఫీనిక్స్ ఉత్తరాన చిప్పుల కర్మాగారం ప్రకటించింది. ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లు కొందరు, ఏటా మంచు ఎత్తిపోసి విసిగిపోయి వెళ్లేవాళ్లు కొందరు. వాళ్లకు విజయవాడ, గుడివాడ, తెనాలి చుట్టాలు చెప్పే ధైర్యం ఒక్కటే: "బెజవాడ ఎండలో పెరిగినోళ్లకి అదొక లెక్కా?" ప్రేమతో అన్న మాటే గానీ, ఇది ఒంటి విషయంలోనూ తప్పు, విలువల విషయంలోనూ తప్పు. చలి ఊళ్లో మనం కాపాడుకున్న విలువలు ఇంటి లోపలివి. ఎడారి అడిగేవి వీధిలోకి రావాల్సిన విలువలు, ముఖ్యంగా నీటికి సంబంధించినవి. అవి కృష్ణా డెల్టా వాళ్లకు కొత్త కావు. కానీ ఓడ ఎక్కినప్పుడో విమానం ఎక్కినప్పుడో వాటిని మూటగట్టుకోవడం మరిచిపోయాం.

చలి ఊళ్లో సంస్కృతి లోపలికి ముడుచుకోవడంలో తప్పేమీ లేదు. ఆరు నెలలు తలుపులు మూసుకుని బతికే చోట పూజ, పాట, పేరంటం, పిల్లల తెలుగు బడి అన్నీ ఇంటి బేస్‌మెంటులోకో, అద్దెకు తీసుకున్న హైస్కూలు ఆడిటోరియంలోకో చేరాయి. భాషను, వంటను, పెద్దలపట్ల మర్యాదను ఆ తరం అలాగే నిలబెట్టింది. దాన్ని తక్కువ చేయకూడదు. అయితే ఆ ఏర్పాటులో ఇరుగుపొరుగుతో, ఊరి వనరులతో మన సంస్కృతికి పని పడలేదు. చికాగోలో కుళాయి తిప్పితే మిచిగన్ సరస్సు నీళ్లొస్తాయి. ఎంత వాడినా పక్కవాడి వంతు తరిగినట్టు కనబడదు. నీటి గురించి ఆలోచించకుండా ఒక తరం పెరిగింది. మన సంఘాల సంచికలు తిరగేస్తే విలువలంటే అన్నమయ్య, అవధానం, అత్తమామల సేవ. నీటి వంతు అన్న మాట వాటిల్లో అరుదు.

ముందు ఎండ సంగతి. విజయవాడ రోహిణి కార్తె ఎండ ఉక్కపోత ఎండ. చెమట ధారలు కడుతుంది, ఒళ్లు తడుస్తుంది, నీళ్లు తాగమని ఒళ్లే చెబుతుంది. ఫీనిక్స్‌లో గాలి ఎంత పొడి అంటే చెమట పట్టినట్టే తెలియదు, పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. దాహం తెలిసేసరికి ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. 2023 వేసవిలో అక్కడ వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 43 సెల్సియస్‌కు, తగ్గలేదు. 2024లో 113 రోజులపాటు వరసగా పగటి గరిష్ఠం వంద ఫారన్‌హీట్‌కు తగ్గలేదు. రాత్రిళ్లు కూడా కాంక్రీటు వేడి దిగదు. సందర్శక వీసా మీద ఆరు నెలలకు వచ్చిన తల్లిదండ్రులు గుణదలలోలా, పటమటలోలా సాయంత్రం నాలుగింటికి నడకకు బయల్దేరితే ప్రమాదమే. బెజవాడ అనుభవం ఇక్కడ అక్కరకు రాకపోగా, లేని ధీమా ఇస్తుంది.

ఇక నీళ్లు. విజయవాడకు ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన. ఫీనిక్స్‌కు అందులో అయిదో వంతు కూడా పడదు. కొలరాడో నదిలో అరిజోనా రాష్ట్రం మొత్తానికి ఉన్న వాటా 28 లక్షల ఎకరా అడుగులు. మన లెక్కలోకి మారిస్తే సుమారు 122 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ ఒక్క కృష్ణా డెల్టాకు కేటాయించింది 181.2 టీఎంసీలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రకాశం బ్యారేజీ కింద పుట్టినవాళ్లు ఎంత నీటి మధ్య పెరిగారో, ఎంత తక్కువ నీటి మధ్యకు వెళుతున్నారో తెలుస్తుంది. అరిజోనాకు దక్కే ఆ కొలరాడో నీళ్లలో ఫీనిక్స్ దాకా వచ్చేవి 336 మైళ్ల కాలువలో, దారిలో పంపులతో ఎత్తిపోస్తే వచ్చేవి. ఆ కాలువ పని 1973లో మొదలై 1993 దాకా సాగింది.

విచిత్రమేమిటంటే, నీరు ఎంత తక్కువైనా, చికాగో కన్నా ఫీనిక్సే మన డెల్టాకు దగ్గరి ఊరు, ఎందుకంటే అది కాలువల మీద కట్టిన ఊరు. హోహోకామ్ అనే ఆదిమ ప్రజలు వందల ఏళ్ల పాటు సాల్ట్ నది నీటిని కాలువలతో పొలాలకు పారించారు. 1860ల చివర్లో వచ్చినవాళ్లు ఆ పాత కాలువల జాడలోనే కొత్తవి తవ్వారు. మన వైపు దాదాపు ఆ కాలంలోనే, 1832-33 డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టిన రెండు దశాబ్దాలకు, 1855లో కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా బెజవాడ ఆనకట్ట పూర్తయింది. దాన్నుంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊళ్లకు ఊళ్లను మార్చేశాయి. ఫీనిక్స్ పాత పేటల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల పెరళ్లకు వంతులవారీగా కాలువ నీళ్లు పారతాయి. వేసవిలో సుమారు రెండు వారాలకోసారి వంతు వస్తుంది, అది అర్ధరాత్రి రెండింటికైనా రావచ్చు. తూము ఎత్తి దించే మనిషిని అక్కడ స్పానిష్ మాటతో సాన్‌హెరో అంటారు. మనకు తెలిసిన లస్కరు ఆయనే. తన వంతు అయిపోగానే మడి గట్టు కట్టేసి కింది వాడికి నీరు వదలాలన్న నియమం రెండు చోట్లా ఒక్కటే.

వంతు తప్పితే ఏమవుతుందో డెల్టాలో చెప్పక్కర్లేదు. ఎగువన మోటార్లు పెట్టి లాగేస్తే నాగాయలంక, కోడూరు శివారు భూములకు నీరందదు. ఊడ్పులు ఆలస్యమవుతాయి, నారు మళ్లలోనే ముదురుతుంది. అరిజోనాలోనూ శివారు రైతులున్నారు. 2021 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం కొలరాడోపై తొలిసారి అధికారికంగా నీటి కొరత ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది అరిజోనా వాటాలో సుమారు 22 టీఎంసీలు కోత పడ్డాయి. ఆ 336 మైళ్ల కాలువ నీటి హక్కుల వరసలో వెనకున్నది రైతులు కాబట్టి దెబ్బ ఎక్కువగా పినల్ కౌంటీ సేద్యం మీద పడింది. నగరాల కుళాయిలు ఆగలేదు, పొలాలు బీడు పడ్డాయి. అరిజోనా మహాగణపతి గుడి ఉన్నది ఆ పినల్ కౌంటీలోనే, మారికోపా అనే ఊళ్లో (ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ వేరు). వినాయక చవితికి చాండ్లర్ నుంచి కార్లలో వెళ్లే మన కుటుంబాలు ఆ రైతుల కౌంటీకే వెళుతున్నాయి. మనం ఎగువ, వాళ్లు శివారు. ఈ ఒక్క సంగతి పిల్లలకు చెప్పినా నీతి శతకం ఒకటి చెప్పినంత.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. అరిజోనా నీటిలో సింహభాగం వ్యవసాయానిదే, మిగిలిందాంట్లో పరిశ్రమలున్నాయి, మా ఇంటి పచ్చిక బయలు ఎంత? అంకెల్లో ఈ మాట అబద్ధం కాదు. అయితే పొదుపు వల్ల నది నిండుతుందా అన్నది వేరే ప్రశ్న, మన వాడకాన్ని మనం ఏ ముఖంతో సమర్థించుకుంటాం అన్నది వేరే ప్రశ్న. అక్కడ ఇళ్లలో వాడే నీటిలో చాలా భాగం వంటకూ స్నానానికీ కాదు, ఇంటి బయట గడ్డికీ మొక్కలకూ పోతుంది. చలి ఊళ్లో అలవాటైన ముదురాకుపచ్చ లాన్‌ను ఎడారిలోనూ కావాలనుకోవడం అవసరం కాదు, అలవాటు. పైగా దానికి బదులు మనకు దగ్గరి చెట్టే అక్కడ ఉంది. ఆ ఎడారి సొంత చెట్టయిన మెస్కీట్ మన జమ్మికి దగ్గరి చుట్టం. దసరా నాడు ఇంద్రకీలాద్రి కింద జమ్మి ఆకు పంచుకునే ఊరి వాళ్లకు, గడ్డి తీసేసి ఆ చెట్టు నాటమని వేరే ఎవరో చెప్పాలా?

రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. డెల్టా వాళ్లు నీటి విలువలు నేర్పేంత గొప్పవాళ్లా? కాలువల్లో చెత్త పోసేది మనమే. మడి నిండా నీళ్లు నిలబెట్టి వరి తప్ప మరొకటి వేయనని భీష్మించేదీ మనమే. నిజమే. ఇది దాచితే వ్యాసం వ్రాయడంలో అర్థం లేదు. కానీ అదే డెల్టాలో రెండో వైపు కూడా ఉంది. నీళ్లు చాలని ఏళ్లలో దాళ్వా మానుకున్న ఊళ్లున్నాయి. సార్వా వరి కోతకు ముందే, చేలో తడి ఉండగానే మినుములో పెసలో చల్లేస్తారు. వరి కోసేసరికి కొయ్యకాళ్ల మధ్య మినుము లేచి ఉంటుంది. చుక్క కాలువ నీరు అడగకుండా, నేలలో మిగిలిన తడితో, పొద్దున పడే మంచుతో అది పండుతుంది. కృష్ణా జిల్లా మినప్పప్పుకున్న పేరు ఈ పద్ధతిలోంచి వచ్చిందే. ఇది ఏ ఉపన్యాసమూ లేకుండా రైతు కనిపెట్టుకున్న సంయమనం. 2015లో కృష్ణ చాలక పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కలిసినప్పుడు, మరో నది ఉపకారం మీద బతకడమంటే ఏమిటో కూడా డెల్టాకు తెలిసింది. మన విలువలు మచ్చలేనివని కాదు, మచ్చలతో సహా మనకు తెలిసిన పని ఇది. తెలిసిన పనిని వదిలేసి తెలియని గొప్పలు చెప్పుకోవడం ఎందుకు?

పొదుపు ఒక సగమైతే, నీరు పంచడం రెండో సగం. నిజానికి మన వాళ్లు బాగా ఎరిగింది ఈ సగమే. ఏప్రిల్ వచ్చేసరికి బెజవాడ కూడళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. నాలుగు గుంజలు, పైన తాటాకు పందిరి, కింద ఇసుక పోసి దానిమీద కుండలు, కుండల చుట్టూ తడిగుడ్డ. మధ్యాహ్నం మజ్జిగ పోస్తారు, అల్లం, కరివేపాకు దంచి, ఉప్పు కాస్త ఎక్కువగా వేసి. ఆ ఉప్పు రుచి కోసమే కాదు, చెమటలో పోయిన దాన్ని తిరిగి ఒంట్లో పెట్టడానికి. రిక్షా తొక్కేవాడు, ముఠా కూలీ, బస్సు దిగిన పల్లెటూరి ముసలమ్మ, ఎవరైనా తాగొచ్చు. ఊరూ పేరూ అడగరు. అయితే పాత చలివేంద్రానికి ఒక మాయని మచ్చ ఉంది. కొందరికి గ్లాసు ఇచ్చి, కొందరికి పైనుంచి దోసిట్లో పోసిన చరిత్ర అది. మనం తీసుకెళ్లాల్సింది ఆ పాత ఆచారాన్ని కాదు, దాహం వేసినవాణ్ని ఏమీ అడగకుండా తాగించడమనే దాని సారాన్ని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. అప్పుడు ఊరి వాళ్లు మోసుకెళ్లిన నీళ్ల బాటిళ్లు ఆ సారానికి ఈ కాలపు రూపం.

ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో ఎండ వల్ల 645 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు సగం మంది ఇల్లు లేనివాళ్లు. 2015 మేలో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ఎండకు రాలిపోయినప్పుడూ బలైనది కూలీలు, ముసలివాళ్లే. ఎండ ఎక్కడైనా నీడ లేనివాణ్నే వెతుక్కుంటుంది. పన్నులు కడుతున్నాం, అది కౌంటీ పని కదా అనొచ్చు. కౌంటీ ఆ పని చేస్తూనే ఉంది. 2005 నుంచి అక్కడి స్థానిక సంస్థలు, చర్చిలు, గ్రంథాలయాలు కలిసి వేసవి ఉపశమన కేంద్రాల వరసను నడుపుతున్నాయి. చల్లని గది, తాగునీళ్లు, కూర్చునే చోటు. బెజవాడ చలివేంద్రాలూ మునిసిపాలిటీ ఉన్న ఊళ్లోనే వెలిశాయి. నీళ్లివ్వడం ఫలానావాడి పనే అని ఎవరూ గిరి గీయలేదు. మన గుళ్లకు ఏసీ హాళ్లున్నాయి, వంటశాలలున్నాయి, పార్కింగ్ స్థలాలున్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారం మధ్యలో అవి ఖాళీగా ఉంటాయి. బూట్లు విప్పి లోపలికి రమ్మంటే పరాయివాళ్లకు ఇబ్బంది అంటారేమో. గర్భగుడికీ వంటశాల హాలుకీ దారి వేరు చేయడం పెద్ద కష్టమేమీ కాదు.

ఈ సందర్భంలో మరొక ఎడారినీ తలచుకోవాలి. కువైట్‌లో, దుబాయిలో ఎండలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల వాళ్లకు, తెలంగాణ వాళ్లకు ఈ పాఠం ఎప్పుడో తెలుసు. అక్కడ వేసవి మధ్యాహ్నాలు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే ఎండ ఎవరి ప్రాణం తీస్తుందో ఊహించవచ్చు. మన సంచికల్లో వాళ్ల ఫొటోలు ఉండవు. ఎడారి గురించి మాట్లాడేటప్పుడైనా వాళ్లను మొదటి వరసలో కూర్చోబెట్టాలి.

అరిజోనాలో కొత్తగా చేరే తెలుగు కుటుంబాలకు సంఘాలు ఇచ్చే పరిచయ పత్రంలో గుడి వేళలు, కిరాణా కొట్లు, డాన్సు క్లాసులు ఎలాగూ ఉంటాయి. దాంతోపాటు నీటి బిల్లు చదవడం ఎలాగో, తోటకు బిందు సేద్యం పెట్టుకోవడానికి తమ నగరం రాయితీ ఏమైనా ఇస్తుందేమో ఎక్కడ అడగాలో, తల్లిదండ్రులు ఏ గంటల్లో బయటికి వెళ్లకూడదో ఒక పేజీ చేరిస్తే చాలు. ఉగాది వేడుకకు పోగయ్యే చందాలోంచి ఒక పాలు వేసవి నీళ్లకు పక్కన పెట్టి, జూన్ మొదటి వారంలోపే ఆ ఉపశమన కేంద్రాల వరసలో గుడి పేరు నమోదు చేయించాలి. మజ్జిగ కలపడానికి మనుషులు కావాలంటే, బెజవాడ నుంచి ఆరు నెలలకు వచ్చి ఏసీ గదుల్లో పొద్దు గడవక కూర్చున్న అమ్మలూ నాన్నలూ ఉండనే ఉన్నారు.