పసివారి పగటి నిద్ర

పిల్లవాడు పగలు నిద్రించుట ఎప్పుడు మానవలెననునది తల్లులు వంటయింటి గడపమీద కూర్చుండి మాటలాడుకొను విషయమే కాని, సంచికలో వ్యాసమునకు తగిన విషయము కాదని పెద్దలు కొందరు తలంపవచ్చును. మేమట్లు తలంపము. ఒకరి దేహమునకు ఏమి కావలెనో నిర్ణయించు అధికారము మరియొకరికి ఎంతవరకు గలదను ప్రశ్నను పండితులు ఎంత గంభీరముగ చర్చించినను, మన ఇండ్లలో అది మొట్టమొదట తలయెత్తునది మిట్టమధ్యాహ్నమున, మూడేండ్ల బిడ్డ చాపమీద కన్నులు తెరచుకొని పడియున్నప్పుడు.

బామ్నిలోని తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. ఈ ప్రాంతమునకు మనవారు వచ్చిన తీరే అట్టిది. కాజీపేట వైపునుండి వచ్చు రైలుమార్గము వెంబడి కొందరు, బొగ్గు గనుల పనికై కొందరు, 1945లో బల్లార్‌పురమున నెలకొన్న కాగితపు మిల్లు వెంబడి కొందరు వచ్చిరి. వార్ధానది కావల నున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున అదిలాబాదు జిల్లాలోనిది. పిదప నాందేడు జిల్లాలో చేరి, 1959లో నాటి చాందా జిల్లాకు వచ్చినది. అనగా మనవారిలో కొందరు సరిహద్దును దాటివచ్చిరి, కొందరిని సరిహద్దే దాటిపోయినది. ఎట్లు వచ్చినను, పనిలో పాళ్లు తప్పలేదు. రాత్రిపాళి ముగించుకొని తెల్లవారి ఇల్లు చేరిన తండ్రికి పగలే రాత్రి. రెండు గదుల క్వార్టరులో అతడొక గదిలో నిద్రించుచుండగా రెండవ గదిలో పిల్లలు అరవరాదు, గిన్నె క్రింద పడరాదు, తలుపు చప్పుడు కారాదు. అప్పుడు తల్లి, “బిడ్డా, నాయన పండుకున్నడు, నువ్వు గూడ పండుకో” అనును. బిడ్డకు నిద్ర వచ్చుచున్నదా లేదా అని ఆ వేళ అడుగువారు లేరు. గని కూత ఇంటిలోని పసివానిని కూడ శాసించునన్నమాట.

మన పూర్వులు పగటి నిద్రను మెచ్చలేదు. అది కఫమును పెంచునని చరకసంహిత చెప్పుచున్నది. అయితే ఆ గ్రంథమే బాలురకు, వృద్ధులకు, దుర్బలులకు ఈ నిషేధమును సడలించినది. గ్రీష్మ ఋతువున అందరికిని అనుమతించినది. మే మాసమున ఎండ 45 డిగ్రీలు దాటుట వింతకాని ఈ చంద్రపూరు జిల్లాలో ఆ రెండవ మినహాయింపు విలువ మనకు ఎవరును బోధింపనక్కరలేదు. మన మరాఠీ ఇరుగుపొరుగువారు భోజనానంతరము ఎడమప్రక్కకు ఒరుగుటకు వామకుక్షి యని చక్కని సంస్కృత నామమే పెట్టుకొన్నారు. పెద్దలు ఒరిగినప్పుడు దానికి శాస్త్రము దొరకును. పిల్లలు ఒరుగనప్పుడు దానికి మొండితనమని పేరు!

నేటి వైద్యులు చెప్పునదియు విచారింపదగినదే. మూడు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు 10 నుండి 13 గంటల నిద్ర కావలెనని, పగటి కునుకును అందులోనే చేర్చుకొనవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. అనేక పరిశోధనలను జోడించి 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన సమీక్షను బట్టి, రెండేండ్లలోపల పగటి నిద్ర మానినవారు నూటికి రెండున్నర కంటె తక్కువ. అయిదేండ్లు నిండునప్పటికి మానినవారు నూటికి 94 మంది. ఈ రెండు అంకెల నడుమ మూడేండ్ల ఎడమున్నది. ఒక బిడ్డ మూడవ ఏట మానవచ్చును, మరియొక బిడ్డ అయిదవ ఏటికి మానవచ్చును, ఇద్దరును ఆరోగ్యవంతులే. “మా పెద్దవాడు మూడేండ్లకే మానినాడు, వీడేమి ఇంకను” అను మాటకు ఇక్కడ ఆధారము లేదు.

2013లో అమెరికాలో బడికి ముందు వయసు పిల్లలపై జరిగిన ఒక పరిశోధనలో, ఉదయము నేర్చినది పగటి కునుకు తీసినపుడు బాగుగ జ్ఞాపకముండెననియు, మెలకువగ నుంచినపుడు మరచినది రాత్రి నిద్రతో కూడ తిరిగి రాలేదనియు తేలినది. పగలు నిద్రించు అలవాటున్న పిల్లలకే ఈ మేలు అధికమట. 2015లో వెలువడిన మరియొక సమీక్ష రెండేండ్లు దాటిన పిల్లల పగటి నిద్రకు, రాత్రి ఆలస్యముగ నిద్రపట్టుటకు సంబంధమున్నదని చూపినది. ఈ రెండును పరస్పర విరుద్ధములని మాకు తోచదు. కావలసిన బిడ్డకు కునుకు మేలు చేయును. అక్కర తీరిన బిడ్డకు అది రాత్రి నిద్రను దొంగిలించును. ఏ బిడ్డ ఏ స్థితిలో నున్నదో చెప్పవలసినది ఆ బిడ్డయే.

ఆ చెప్పుట మాటలతో జరుగదు. పగలు పడుకొనని దినమున దీపము పెట్టువేళకు బిడ్డ కారణము లేక యేడ్చుచు, అన్నము ముద్ద నోట నుంచుకొనియే తూగుచుండెనా, అక్కర ఇంకను తీరలేదు. పగలు పడుకొన్న దినమున రాత్రి పది దాటినను గోడలమీద నీడలతో ఆడుకొనుచుండెనా, తీరినదన్నమాట. నిద్ర సుఖమెరుగదని మన సామెత. రావలసిన నిద్ర గుమ్మముమీదనైనను వచ్చును, రాని నిద్ర ఎంత ఊపినను తొట్టెలలోనికి దిగదు. మానుట కూడ ఒక్క దినమున జరుగునది కాదు. నాలుగు దినములు మెలకువగ నుండి అయిదవ దినము రొట్టెముక్క చేతనే పట్టుకొని నిద్రపోవు కాలము కొన్ని మాసములు సాగును. ఆ కాలమున “ఇక పగలు పడుకోవద్దు” అని శాసనము చేయుటయు, “పడుకొని తీరవలె” అని చేయుటయు ఒకే విధమైన తప్పు.

ఇక తల్లి మాట. ఉదయపు పాళికి భర్తను పంపుటకై నాలుగు గంటలకు లేచిన స్త్రీకి మధ్యాహ్నము ఒక గంట నడుము వాల్చుట స్వార్థమని మేమనము. ఆ గంట ఆమె హక్కు. ఇంటిలో కొంతసేపు నిశ్శబ్దముగ నుండుమని బిడ్డను కోరుటయు అన్యాయము కాదు. నలుగురు కలిసి బ్రతుకు ఇంటిలో అది బిడ్డ నేర్వవలసినదే. అన్యాయము మరియొక చోట నున్నది. “నాకు అలసటగ నున్నది, నీవు మెల్లగ ఆడుకో” అనుటకు బదులు మనము “నీకు నిద్ర వచ్చుచున్నది, కన్నులు మూయుము” అందుము. నిద్ర రాని బిడ్డకు ఆ మాట వింతగ నుండును. తన దేహమున తాను ఎరిగినదొకటి, తనకు మిక్కిలి నమ్మకమైన మనిషి చెప్పునదొకటి. మన అక్కరను బిడ్డ అక్కరగ చెప్పి బిడ్డను నమ్మించుట చిన్న అబద్ధమే కావచ్చును. కాని తన ఆకలిని, అలసటను, నొప్పిని తానే గుర్తింపవలసిన వయసున, ఆ గుర్తింపును సందేహించుట నేర్పు అబద్ధమది.

మన ఇండ్లలో దీనికి వేరొక ఆశ కూడ తోడైనది, దానిని దాచిపెట్టుట తగదు. ఉదయము అంగన్‌వాడీలో మరాఠీ, సాయంకాలము వీధిలో మరాఠీ, ఫోనులో హిందీ. తెలుగు బిడ్డ చెవిని పూర్తిగ పడునది చాపమీద అవ్వ ప్రక్కన పడుకొన్న ఆ మధ్యాహ్నపు గంటలోనే. జోలపాట అప్పుడు, పేదరాసి పెద్దమ్మ కథ అప్పుడు. కావున నిద్ర పోయిన తెలుగు కూడ పోవునను భయమున నాలుగేండ్లు దాటిన పిల్లలను సయితము మన ఇండ్లలో పడుకొనబెట్టుచుందురు. భయము నిజమైనదే. కాని భాషకై నిద్రను పట్టి నిలుపుట ధర్మమా? నిద్ర రాని బిడ్డను చీకటి గదిలో బంధించి వినిపించిన భాష ఆ బిడ్డకు చీకటి గది భాష యగును.

నిద్రయు, ఆ గంటయు వేరువేరని తెలిసికొన్నచో చిక్కు కొంత విడివడును. నిద్ర బిడ్డది, అది పోవలసిన నాడు పోనిండు. గంట ఇంటిది, దానిని నిలుపుకొనవచ్చును. ఎండ తీవ్రత తగ్గువరకు ఎట్లును బయటకు పంపలేము. కిటికీకి తడి గుడ్డ కట్టి, చాప పరచి, అవ్వ ఒరుగును. బిడ్డ ప్రక్కన ఒరిగినను కూర్చుండినను సరియే. కథ చెప్పువారికి వినువారు “ఊ” కొట్టవలెనని మన కట్టుబాటు గదా. పూర్వము ఆ “ఊ” సగము కథకే సన్నగిల్లి ఆగిపోయెడిది, అవ్వ కూడ అక్కడనే ఆపెడిది. పగలు నిద్రించు పిల్లలకు కథల తుదలు తెలియవు. ఇప్పుడు “ఊ” ఆగదు. “తరువాత?” అను ప్రశ్న కూడ దానికి తోడగును. నడుమ అవ్వ స్వరమే సన్నగిల్లిన, చిన్నచేయి ఆమె భుజమును తట్టి లేపును. రాజకుమారుని ఏడు సముద్రముల నడుమ విడిచి నిద్రపోయిన అవ్వ ఉలికిపడి లేచి, ఎచ్చట ఆపితినని బిడ్డనే అడుగును. బిడ్డ తెలుగులో చెప్పవలసియుండును.