ఖర్మా, బాకీయా?

2021 జనవరి 19న నిర్మల్ జిల్లా కుంటాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 42 ఏళ్ల ఆరోగ్య కార్యకర్త ఒకరు కోవిడ్ టీకా వేయించుకున్నారు. ఆ రాత్రి రెండున్నరకు ఛాతీ నొప్పి మొదలైంది. తెల్లవారుజామున నిర్మల్ ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం పోయింది. టీకాకూ ఈ చావుకూ సంబంధం లేదని ప్రాథమిక పరిశీలనలో తేలినట్టు రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రకటించింది. నిజమే కావచ్చు. కోట్లమందికి టీకాలు వేసేటప్పుడు, వేయకున్నా ఆ మర్నాడు కన్నుమూసేవారూ వారిలో ఉంటారు.

నిర్మల్, బోథ్ 2016 దాకా ఒకే ఆదిలాబాద్ జిల్లా. బోథ్‌లో ఓ ఇంట్లో ఇలాంటిదే జరిగితే ముందు ఏఎన్ఎంకో, ఆరోగ్య కేంద్రం డాక్టరుకో చెప్పాలి. అక్కడి నుంచి ఆ ఘటన వివరాల ఫారం జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి వెళుతుంది. నిపుణుల కమిటీ కారణం టీకాయా, కాకతాళీయమా, తేల్చలేనిదా అని వర్గీకరిస్తుంది. కారణం చెప్పడంతో ఆ కమిటీ పని అయిపోతుంది. పరిహారం దాని చేతిలో లేదు.

ఊళ్లో మాత్రం తీర్పు అంతకంటే ముందే వచ్చేస్తుంది: వాళ్ల ఖర్మ.

కర్మ సిద్ధాంతాన్ని ఇంత చవగ్గా వాడుకోవడం దానికే అన్యాయం. బాధపడేవాడికి ఆ బాధ ఎందుకొచ్చిందో అది చెప్పవచ్చు. పక్కింటివాడి బాధ్యతను మాత్రం కొట్టెయ్యదు. శతపథ బ్రాహ్మణం దేవ, ఋషి, పితృ ఋణాలతోపాటు తోటి మనుషుల ఋణాన్నీ లెక్కలో చేర్చింది. ఖురాన్ నాలుగో సూరా 92వ వాక్యం పొరపాటున జరిగిన హత్యకు కూడా మృతుడి ఇంటివారికి దియత్, అంటే ప్రాణనష్ట పరిహారం, చెల్లించమంటుంది. ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితులు ఆ భారాన్ని చేసినవాడి బంధువర్గమంతా పంచుకోవాలన్నారు. ఉద్దేశం లేకపోయినా నష్టం నష్టమేనన్న ఎరుక ఇందులో ఉంది.

టీకా ఆ ఎరుకను ఒక అడుగు ముందుకు వేయిస్తుంది. ఇక్కడ డాక్టరు తప్పు లేకపోవచ్చు, తయారీలో లోపమూ లేకపోవచ్చు. తీవ్రమైన హాని చాలా అరుదు. మేలు ఊరందరిదీ, ఆ అరుదైన హాని ఒక్కరిదీ. 1953లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం సరిగ్గా ఇక్కడే ఆగి ఆలోచించింది. తప్పనిసరి మశూచి టీకాతో దెబ్బతిన్నవారు సమాజం కోసం త్యాగం చేసినవారనీ, వారికి ప్రభుత్వం పరిహారం బాకీ ఉందనీ తేల్చింది.

అమెరికా 1988 నుంచి ఈ బాకీ తీర్చడానికి ఓ నిధి నడుపుతోంది. టీకా అడ్డుకునే ఒక్కో జబ్బుకు డోసుకు 75 సెంట్ల పన్ను ఆ నిధికి చేరుతుంది. డాలస్‌లోని తెలుగువారికి ఫ్లూ టీకా వికటిస్తే, తొలి లక్షణం కనిపించిన మూడేళ్లలోగా అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోవిడ్ టీకాను మాత్రం వేరే కార్యక్రమం కిందికి నెట్టారు. దాని గడువు టీకా వేసుకున్న రోజు నుంచి ఏడాదే. తెలియక ఒకచోట పెట్టాల్సింది మరోచోట పెడితే ఈలోగా గడువు దాటిపోవచ్చు.

కారణం రుజువు కాకుండానే డబ్బులిస్తే ప్రతి కాకతాళీయ మరణానికీ ఇవ్వాల్సి రాదా? న్యాయమైన అభ్యంతరమే. అందుకే అమెరికా నిధి ఓ పట్టిక పెట్టుకుంది. ఉదాహరణకు ధనుర్వాతం టీకా తర్వాత నాలుగు గంటల్లోగా తీవ్ర అలెర్జీ వస్తే, వేరే కారణం రుజువు కానంతవరకు టీకా వల్లే వచ్చిందని భావిస్తారు. అంటే సందేహం బరువు నిధి మోస్తుంది, బాధితుల ఇల్లు కాదు.

మన దగ్గర ఆ బరువు ఎవరిదన్నది 2022లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కోవిడ్ టీకా తర్వాత చనిపోయిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు పరిహారం కోరారు. టీకా స్వచ్ఛందమనీ, కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చనీ నవంబరులో కేంద్రం బదులిచ్చింది. స్వచ్ఛందమన్న మాట చట్టానికి సరిపోవచ్చు. కానీ ఆ ఏడాది జులై నాటికి దేశంలో వేసిన 200 కోట్ల డోసులు ఎవరికి వారు తోచి వేయించుకున్నవి కావు. ప్రభుత్వం అడిగింది, జనం చెయ్యి చాపారు. 2019 నాటి నిబంధనల ప్రకారం క్లినికల్ ట్రయల్‌లో టీకా వల్ల ఎవరైనా చనిపోతే ట్రయల్ జరిపించినవారే పరిహారం చెల్లించాలి. అదే టీకాకు అనుమతి వచ్చి బోథ్ ఆరోగ్య కేంద్రానికి చేరాక జరిగే నష్టానికి ఆ నిబంధనలు వర్తించవు.