ఆశ్రమంలో వైద్యం ఎవరిది?

వృద్ధాశ్రమం అనగానే మన మాటలు పిల్లల వైపు తిరుగుతాయి. కన్నవాళ్ళని వదిలేశారా, వేరే దారిలేక చేర్చారా అన్న పంచాయితీ మొదలవుతుంది. ఆ గొడవలో అడగడం మర్చిపోయే ప్రశ్న ఒకటుంది. అక్కడ చేరాక ఆ మనిషికి జరిగే వైద్యం బాగుపడుతుందా, పాడవుతుందా?

చాలాసార్లు బాగుపడుతుంది. ఇది ముందు ఒప్పుకోవాలి. కృష్ణా జిల్లా కూచిపూడిలో ప్రవాసుల సంస్థ సిలికానాంధ్ర కట్టించిన సంజీవని ఆస్పత్రి ఉంది. కానీ పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉండి, ఒంటరిగా బతికే ఎనభై ఏళ్ళ మనిషికి, తోడు వచ్చేవాళ్ళు లేకపోతే ఊళ్ళో ఆస్పత్రి కూడా దూరమే. చూపు ఆనక ఇన్సులిన్ ఎంత ఎక్కించుకున్నారో వాళ్ళకే తెలియదు. వండుకోలేక పచ్చడి మెతుకులతో పూట గడుపుతారు. ఆశ్రమంలో వేళకి తిండి, వేళకి మాత్ర.

కూచిపూడిలో ఉండే మా పెద్దమ్మని విజయవాడలో ఒక ఆశ్రమంలో చేర్చాక మూడు నెలల్లో షుగరు అదుపులోకి వచ్చింది. అయితే ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళుగా ఆవిణ్ణి చూసిన ఆరెంపీ డాక్టరుకి ఒక సంగతి తెలుసు. ఆవిడ "కాస్త నలతగా ఉంది బాబూ" అన్నారంటే రెండురోజులుగా మంచం దిగలేదని అర్థం. ఆశ్రమానికొచ్చే డాక్టరుగారు ఆయనకన్నా చాలా చదువుకున్నవారు. ఆయన ఆ మాటని మాటగానే తీసుకున్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరి చలిజ్వరం వచ్చాకగానీ బయటపడలేదు. పాత చీటీలన్నీ ఫైల్లో పెట్టి ఆవిడతో పంపారు. ఆవిడ భాష తెలిసిన మనిషి మాత్రం ఊళ్ళోనే ఉండిపోయాడు.

రెండో నష్టం ఇంకా లోతైనది. డాక్టరు మేనేజరుని అడుగుతారు, మేనేజరు కొడుక్కి ఫోన్ చేస్తాడు, కొడుకు సరేనంటాడు. పెద్దమ్మ కంటి ఆపరేషన్ తారీకు అందరికన్నా చివర తెలిసింది పెద్దమ్మకే. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరిదీ ప్రేమే.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం నిరుపేద వృద్ధులకి జిల్లాకొక ఆశ్రమం ఉండాలని, అందులో కనీసం 150 మందికి చోటుండాలని చెబుతుంది. ప్రభుత్వాస్పత్రుల్లో మంచాలు, వేరే క్యూలు అంటుంది. అవన్నీ కావాల్సినవే. ఇక 2018లో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితిలో తనకే చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చంది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసి, నోటరీ ముందు సంతకం చాలంది. మాట పడిపోయిన మనిషి ఇష్టానికే అంత విలువ ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగే మనిషి ఇష్టానికి ఎంత ఉండాలి?

"వాళ్ళని అడిగితే మాత్రం ఏముంది, మీ ఇష్టం నాయనా అంటారు" అంటారు కొందరు. నిజమే, చాలామంది అలాగే అంటారు. అలా అనడం కూడా ఒక నిర్ణయమే. కానీ అది అడిగాక రావాలి, అడక్కుండా మనమే వాళ్ళ నోట పెట్టకూడదు. మతిమరుపు ముదిరినవాళ్ళ సంగతి కష్టమే. అయినా అన్నం ముందా స్నానం ముందా అన్నది వాళ్ళూ చెప్పగలరు.

అందుకే ఆశ్రమంలో చేర్చేటప్పుడు మందుల చీటీతో పాటు ఇంకో కాగితం వెళ్ళాలనిపిస్తుంది. నొప్పిని ఈ మనిషి ఏమని చెబుతారు, దేనికి భయపడతారు, ఏ వైద్యం వద్దంటారు, ఎవరితో మాట్లాడితే ధైర్యం. వాళ్ళు చెబుతుంటే మనం రాయాలి. ఆ ఒక్క గంట కూర్చునే ఓపిక లేకపోతే, మనం ఆశ్రమానికి పంపేది ఒంటిని మాత్రమే.